బడి నడిచే మందిరము



మన తెలుగు క్రైస్తవ పల్లెలలో 'పంతులుగారు' అను మాటకు పూర్వము ఒకటే అర్థము ఉండేది. ఉదయము పలకమీద అ ఆలు దిద్దించినవాడే సాయంకాలము లాంతరు వెలిగించి ప్రార్థన నడిపించేవాడు. ఆదివారము వాక్యము చెప్పినవాడే సోమవారము ఎక్కములు అప్పజెప్పించుకొనేవాడు. ఆయన భార్య పంతులమ్మగారు. ఆమెకు జీతము ఉన్నా లేకపోయినా ఆడపిల్లల చదువు, కుట్టుపని, రోగుల పరామర్శ ఆమె వంతు. ఇప్పుడు పాస్టరుగారు వేరు, టీచరుగారు వేరు. పేర్లు విడిపోయినట్లే కట్టడములు కూడ విడిపోయినవి. మందిరము ఒక వీధిలో, పాఠశాల మరొక వీధిలో. ఒంగోలుకు ఒక పూట ప్రయాణములోనున్న మా చిన్న పట్టణములో మాత్రము, దేవుని కృపవలన, ఆ రెండూ ఇంకను ఒకే గదిలో ఉన్నవి. వాటిని విడదీయవలెనా అను ప్రశ్న రెండు సంవత్సరములుగా మా సంఘములో నలుగుచున్నది. అందుచేతనే మేము ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కట్టడము చూచుటకు ఏమంత గొప్పది కాదు. నూరేండ్లకు పైబడినది. నలుబది అడుగుల పొడవు, ఇరువది అడుగుల వెడల్పు గల ఒకే గది, ముందు ఒక వరండా. గానుగ సున్నముతో కట్టిన రాతి గోడలు, టేకు దూలములు, మంగుళూరు పెంకులు, నేలకు కడప బండలు. తూర్పు గోడవద్ద ప్రసంగ వేదిక. దాని వెనుక గోడకే సిమెంటు పూసి నలుపు చేసిన బోర్డు. ఆదివారము ఆ బోర్డుమీద ఆంధ్ర క్రైస్తవ కీర్తనల సంఖ్యలు ఉంటవి, సోమవారము తీసివేతలు. శనివారము సాయంకాలము పెద్ద తరగతి పిల్లలు దానిని తుడవాలి. వారు మరచిన వారము, ఆరాధనకు వచ్చినవారిలో సగముమంది ప్రసంగము వినుటకు బదులు 'ఆవు' మీది వ్యాసములో తప్పులు వెదకుచు కూర్చుందురు.

గంట కూడ ఒకటే. వేపచెట్టు కొమ్మకు వ్రేలాడదీసిన రైలు పట్టా ముక్క. బడికి గబగబ కొట్టుదురు. ఆరాధనకు మూడు మూడు దెబ్బలు. సంఘములో ఎవరైనా ప్రభువునందు నిద్రించినప్పుడు ఒక్కొక్క దెబ్బ, మధ్య చాలసేపు ఆగి. మా పిల్లలు అక్షరములకంటె ముందు ఈ తేడా నేర్చుకొందురు.

పెంకుల సందులలో గబ్బిలములు చేరినవి. వాటిని వెళ్ళగొట్టుమని కొందరు మమ్మును అడుగుచునే ఉన్నారు. వినుకొండలో 1895లో పుట్టిన మహాకవి జాషువాగారు 1941లో వెలువరించిన 'గబ్బిలం' కావ్యములో, గుడి లోపలికి వెళ్ళనోచుకోని పేదవాడు గబ్బిలముచేత దేవునికి తన కబురు పంపుకొనును. ఆ సంగతి బడిలో చెప్పినప్పటినుండి పిల్లలు వాటిని తోలనివ్వరు. బెంచీలు తుడుచుకొనే పని మాత్రము మాకు మిగిలినది.

ఇటువంటి గది ఎందుకు పుట్టినదో నేటి యౌవనస్థులకు తెలియదు. 'డబ్బు లేక రెండు కట్టలేదు, ఒకటే కట్టినారు' అందురు. డబ్బు లేనిమాట నిజమే. కాని అది సగము సంగతి మాత్రమే.

పూర్వము మన ఊళ్ళలో చదువు ఎక్కడ ఉండేది? వీధిబడిలో. అది ఒక పెద్దయింటి అరుగుమీదనో, గుడి మంటపములోనో, రచ్చచావడిలోనో నడిచేది. ఆ అరుగు ఎక్కుటకు, ఆ మంటపములో అడుగు పెట్టుటకు మాల మాదిగల బిడ్డలకు వీలు లేదు. తరువాత సర్కారు బడులు వచ్చినవి. అవి కూడ చాల ఊళ్ళలో అటువంటి చోట్లనే పెట్టిరి గనుక, చట్టము అడ్డు చెప్పకపోయినను గడప అడ్డు చెప్పేది. 1893లో మద్రాసు ప్రభుత్వము పంచముల విద్యకొరకు ప్రత్యేకముగా ఉత్తర్వు చేయవలసి వచ్చినదంటే పరిస్థితి ఎట్లుండెనో మనము గ్రహింపవచ్చును. పల్లెవాడు దేవుని సన్నిధిలో నిలువబడుటకు తావు లేదు, పలక పట్టుకొని కూర్చుండుటకు తావు లేదు. కొరత రెండు విధములుగా కనిపించినను మూసిన తలుపు ఒకటే. అందుచేత పల్లెలో తెరిచిన తలుపు కూడ ఒకటే అయినది.

ఈ రెంటిని కలిపి ఉంచుట మిషనెరీలకు సహితము సులువు కాలేదు. మచిలీపట్నములో రాబర్టు నోబులుగారు 1843లో బడి తెరిచినప్పుడు అగ్ర కులముల పిల్లలనే చేర్చుకొనిరి. పైనుండి సువార్త క్రిందికి దిగునని ఆయన ఆలోచన. ఆయన భక్తిని మేము శంకింపము, ఆ బడి చేసిన మేలును కాదనము. అయితే ఒంగోలులో జరిగినది వేరు.

జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు చేరినారు. ఆ తొలి దినములలో పట్టణపు బ్రాహ్మణులు, ఇతర పెద్దలు తమ పిల్లలకు బడి పెట్టుమని వారిని కోరగా దొరగారు సంతోషముతో పెట్టిరి. పిల్లలు వచ్చుచుండిరి. కొందరు వాక్యమును శ్రద్ధగా వినుచుండిరి కూడ. అదే సమయములో యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ భక్తుని సాక్ష్యమువలన పల్లెలవారు బాప్తిస్మమునకు రానారంభించిరి. అప్పుడు పెద్దలు వచ్చి, వీరిని చేర్చుకొన్నయెడల మా పిల్లలను మాన్పించెదమని ఖండితముగా చెప్పిరి. దొరగారు ఎటూ తోచక తన గదిలోకి వెళ్ళి ఒక బైబిలు తెరచిరట. లోకము ఎన్నిక చేయనివారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చి పౌలు కొరింథీయులకు వ్రాసిన భాగము కనబడెను. అవతల గదిలో దొరసానిగారు, ఈ సంగతి ఎరుగకయే, మరియొక బైబిలు తెరువగా అదే భాగము వచ్చెను. దొరగారు పల్లెవారిని చేర్చుకొనిరి. పెద్దల పిల్లలు వెళ్ళిపోయిరి. బడి ఖాళీ అయినది. 1914లో అచ్చయిన తన జీవిత చరిత్రలో క్లౌగారే ఈ సంగతి చెప్పుకొన్నారు.

ఈ వృత్తాంతమును మనము ప్రసంగములలో దేవుని నడిపింపునకు నిదర్శనముగా చెప్పుకొందుము. మంచిదే. కాని ఆ ఖాళీ బడిగదిని గూర్చి ఎవరమూ చెప్పము. అగ్ర కులములవారి ఫీజులు పోయినవి, పట్టణములో మర్యాద పోయినది. మిగిలినది అక్షరము రాని ఒక చిన్న గుంపు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది.

పండ్రెండు సంవత్సరములు తిరుగకమునుపే లెక్క మారినది. 1876 మొదలు 1878 వరకు వచ్చిన దాతు కరవు మనవారిని నమిలివేసినది. క్లౌగారు బకింగ్‌హాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకము కాంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి ఇప్పించిరి. కరవు పనిలో ఉన్నంతకాలము ఎవరికీ బాప్తిస్మము ఇయ్యలేదు. కూడు కొరకు చేరినారను మాట రాకూడదని. పిమ్మట 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ అంకె మన సండేస్కూలు పిల్లలకు కూడ వచ్చును.

కాని పాఠకులారా, జూలై 4వ తేదీని గూర్చి ఆలోచించుడి. ఆ వేలమంది తమ తమ పల్లెలకు తిరిగి వెళ్ళిరి. వారికి గుడి లేదు, పుస్తకము లేదు. పుస్తకము ఇచ్చినా చదువువాడు లేడు. కీర్తనలు నోటికి నేర్పవచ్చును, మన అమ్మలు అట్లే నేర్చుకొనిరి. కాని లేఖనము చదివి వినిపించుటకు ఊరికొక్కడైనను ఉండవలెను గదా! అందుచేత పల్లెకొక పంతులు, ఆయనకొక గది. 1872లో ప్రారంభమైన రామాపట్నము వేదాంత పాఠశాలలో చదివి వెళ్ళినవారు వాక్యముతోపాటు ఓనమాలను కూడ మోసికొని వెళ్ళిరి. 1854 నాటి వుడ్ తాఖీదు తరువాత ప్రభుత్వ గ్రాంటు పద్ధతి వచ్చినది గనుక, ఇన్‌స్పెక్టరు పిల్లలను పరీక్షించి ఫలితమును బట్టి కొంత సొమ్ము వ్రాసేవాడు. ఆ రోజున పంతులుగారి గుండె ప్రసంగమునాటికంటె ఎక్కువగా కొట్టుకొనేదని మా పాత పెద్దలు నవ్వుచు చెప్పేవారు. పిల్లలు పగలు పశువులవెంట పోవుదురు గనుక చాల పల్లెలలో బడి తెల్లవారకముందో, దీపములు పెట్టిన తరువాతనో నడిచేది. కూలికి వెళ్ళివచ్చిన తండ్రులు ప్రార్థనకు కూర్చుండి, ప్రార్థన ముగిసిన తరువాత కొడుకుల పలకలు చూచి తామును రెండక్షరములు గీచుకొనేవారు. బడి ఎక్కడ ముగిసినదో ఆరాధన ఎక్కడ మొదలైనదో ఎవరూ గీత గీయలేదు.

ఇది ఒక్క బాప్తిస్టువారి సంగతి కాదు. 1842లో హయ్యరుగారు వచ్చిన గుంటూరు లూథరను ప్రాంతములోను, 1912లో అభిషిక్తుడైన అజరయ్య బిషపుగారి దోర్నకల్లు అధ్యక్షమండలములోను పల్లెపల్లెకు ఇదే ఏర్పాటు. మిషను ఏదైనను పల్లెవాని అవసరము ఒకటే గనుక గది కూడ ఒక్క తీరుననే కట్టబడినది.

ఇక మా సంగతికి వత్తుము.

మేమిద్దరమూ, అనగా కాపరి, కాపరి భార్య, ఈ సంఘమునకు వచ్చి పదునొకండు సంవత్సరములైనది. వచ్చినప్పుడు బడిలో తొంబదిమంది పిల్లలు, ఇద్దరు ఎయిడెడ్ ఉపాధ్యాయులు. అప్పటికే ఖాళీ అయిన రెండు పోస్టులు నింపుటకు పైనుండి అనుమతి రాలేదు. 2021లో మన ఆంధ్రప్రదేశ్‌లో ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వ బడులలోనికి తీసికొను ఏర్పాటు వచ్చినప్పుడు ఆ ఇద్దరూ వెళ్ళిరి. వారిని తప్పుపట్టలేము, వారికీ కుటుంబములున్నవి. పసుపుపచ్చ బస్సులు వీధి చివరకు వచ్చి పిల్లలను ఎక్కించుకొని పోవుచున్నవి. నేడు మా బడిలో ముప్పది నలుగురు. వారిలో మన సంఘపు పిల్లలు పదునొకండుగురే. మిగిలినవారు ఇటుక బట్టీలవారి పిల్లలు, మేదరివారి పిల్లలు, తల్లి మిరపకాయల కోతకు పోతే ఇంట ఎవరూ లేని పిల్లలు. సంఘము జీతమిచ్చు ఒక టీచరమ్మ, జీతము లేని మా యింటి టీచరు, ఇద్దరు పాఠములు చెప్పుచున్నారు.

గ్రాంటు పోవుటతో ప్రభుత్వపు మధ్యాహ్న భోజనము కూడ ఆగినది. అప్పుడు మా స్త్రీల సమాజములోని ఒక పెద్దమ్మ లేచి, "పిడికెడు బియ్యము ఎవరికోసం తీస్తన్నాం? పూర్వం పంతులికి పెట్టాంగదా, ఇప్పుడు పిల్లలకు పెడదాం" అన్నది. వంటకు ఎసరు పెట్టేముందు దేవుని పేరట పిడికెడు తీసి కుండలో వేయుట మన అమ్మల వాడుక. ఆ బియ్యమే ఇప్పుడు బడిలో ఉడుకుచున్నది. కొన్ని వారములు చాలదు. అప్పుడు ఎవరో ఒకరు అరబస్తా తెచ్చి వరండాలో దించిపోవుదురు, పేరు చెప్పరు.

రెండు సంవత్సరముల క్రిందట మా సంఘములో పుట్టి పెరిగి, పై దేశములో స్థిరపడిన ఒక కుటుంబము వారు, పాత కట్టడము తీసివేసి ఆ స్థలములో పెద్ద చర్చి కట్టినయెడల ఖర్చులో సగము మేమిచ్చెదమని కబురు చేసిరి. పాలరాతి నేల, ఏ.సి., క్రింద ఫంక్షను హాలు. మంచి మనస్సుతో చేసిన మాటయే. బడిని గూర్చి అడుగగా, 'ముప్పదిమంది పిల్లలకోసము ఇంకా ఎందుకు? దగ్గరలో సర్కారు బడి ఉన్నది గదా' అనిరి. కమిటీలో సగముమందికి ఆ మాట నచ్చినది.

కమిటీ కూటములో ఒక సహోదరుడు గట్టిగానే అడిగినాడు. "అయ్యగారూ, దేవుని మందిరం దేవుని మందిరంలా ఉండాలిగదా. వేదిక పక్కన పిల్లకాయలు ముక్కులు చీదుతుంటారు, అన్నం మెతుకులు పడుంటాయి. పొరుగు సంఘమువాళ్ళు వచ్చి చూస్తే మనకెంత నామోషీ!" ఆ మాటలో న్యాయము లేకపోలేదు. ఆదివారము ఉదయము బండలు ఎంత కడిగినను పప్పు వాసన పోదు. పరిశుద్ధ స్థలమును ప్రత్యేకముగా ఉంచవలెనను కోరిక లేఖనములలో ఉన్నదే.

దానికి జవాబుగా ఎనుబది యేండ్లు దాటిన మా పెద్ద డీకను లేచినాడు. ఆయన కూటములలో మాటలాడుట అరుదు. "నేను ఓనమాలు దిద్దింది ఆ వేదిక కిందనే గదయ్యా. మా నాయన నన్ను అక్కడ కూర్చోబెట్టకపోతే బైబిలు చేతబట్టుకొని ఏం జూసేవాణ్ణి, బొమ్మలా? నాకు గుడి ముందొచ్చిందా బడి ముందొచ్చిందా అంటే నేను చెప్పలేను" అని కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఓటు వేయలేదు, కూటము వాయిదా పడినది.

ఈ మధ్యలో మరియొక సంగతి జరిగినది. కట్టడము తీసివేసే పక్షమున కాగితములు సర్దవలెనని బీరువా తెరచితిమి. అందులో రెండు రకముల పుస్తకములు ప్రక్కప్రక్కన ఉన్నవి. ఒకటి బడి అడ్మిషను రిజిస్టరు, రెండవది సంఘ సభ్యుల పుస్తకము. ఒకే బిడ్డ అయిదవ ఏట ఒక పుస్తకములో, పదునైదవ ఏట బాప్తిస్మము పొంది రెండవ పుస్తకములో. తండ్రి పేరు ఒకటే, ఇంటి పేరు ఒకటే. పిల్లవాని పేరు మాత్రము చాల చోట్ల వేరు. బడి పుస్తకములో తాత పేరో ఊరి దేవత పేరో ఉండును, మతము గడిలో హిందూ అని ఉండును. సంఘ పుస్తకములో బైబిలు పేరు.

ఇది ఎందుకో మన పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల గుర్తింపు హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రములో వారు బి.సి. 'సి' వర్గమువారు. పల్లెలో చూపు మారలేదు, కాగితము మాత్రము మారినది. బిడ్డకు స్కాలర్‌షిప్పు, హాస్టలు సీటు దొరకవలెనని తండ్రి బడి బల్లయొద్ద ఒక పేరు చెప్పినాడు. అదే తండ్రి అదే గదిలో, నాలుగు అడుగుల అవతల, వేదికయొద్ద మరియొక పేరు చెప్పినాడు. ఆ తండ్రులను తీర్పు తీర్చుటకు మేము సిద్ధముగా లేము. పుస్తకములు రెండూ ఒకే బీరువాలో, ఒకే తాళము క్రింద ఇన్నాళ్ళు ఉన్నవంటే ఆ కాపరులకును పంతుళ్ళకును అంతయు తెలిసియే ఉండవలెను.

ఆ రోజులలోనే ఒకాయన చదువు సర్టిఫికెట్టు కొరకు వచ్చినాడు. లారీ యజమాని, ఏబది దాటినవాడు, బడిలో చదివి వెళ్ళిన తరువాత మరల ఆ గడప త్రొక్కలేదట. అడ్మిషను రిజిస్టరులో ఆయన పేరు దొరికినది. ప్రక్కనున్న సంఘ పుస్తకము చూపి, ఇందులోనిది కూడ మీ యింటి పేరేనా అని అడిగితిమి. చాలసేపు చూచి నవ్వినాడు. "రెండూ నేనే అయ్యగారూ. ఇద్దరం ఒకే బెంచీమీద కూర్చునేవాళ్ళం" అన్నాడు. సర్టిఫికెట్టు జేబులో పెట్టుకొని, గదిలో బోర్డు దగ్గరకు వెళ్ళి కొంచెముసేపు నిలుచున్నాడు. వెళ్ళునప్పుడు పైకప్పు చూచి, ఎన్ని పెంకులు పగిలినవని అడిగినాడు.

ప్రియులారా, మా అభిప్రాయము మేము దాచలేదు, కమిటీలోనూ చెప్పినాము. కొత్త చర్చి కట్టుట పాపము కాదు. కాని మా ముత్తాతలు ఒక తలుపు మూసియుండగా మరొక తలుపు తెరుచుకొని లోపలికి వచ్చినవారు. ఇటుక బట్టీవాని బిడ్డకు నేడు ఏ అరుగు అడ్డము లేకపోవచ్చును. బస్సు ఫీజు అడ్డమున్నది. ఆ బిడ్డను మన తలుపు బయట నిలిపి లోపల పాలరాయి పరచుకొనుటకు మాకు మనస్సు ఒప్పలేదు.

చిక్కులు లేకపోలేదు. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయునికొక తరగతి గది, వంటగది, మగపిల్లలకు ఆడపిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు, నీరు, ఆటస్థలము ఉండవలెనని చెప్పుచున్నది. ఆ నియమములు పిల్లల మేలుకే. ఒక్క గదిలో అయిదు తరగతులు నడుపుట గొప్ప అని మేము వాదింపము. రెండవ తరగతివారు పద్యము చదువుచుండగా నాలుగవ తరగతివారు భాగహారము చేయుట ఎంత కష్టమో మా యింటి టీచరును అడిగిన చెప్పును. గుర్తింపు పొడిగింపుకు మరొక గది తప్పదు.

మొన్న ఫిబ్రవరిలో కమిటీ మరల కూడినది. ఇంజనీరు వచ్చి గోడలు సుత్తితో తట్టి చూచి, ఇవి మనకంటె ఎక్కువకాలము ఉండునని చెప్పినాడు. చెడినది పైకప్పు మాత్రమే. ఆరు దూలములలో రెంటికి చెద పట్టినది. నిర్ణయము ఏకగ్రీవము కాలేదు, ఏడుగురు ఇటు, నలుగురు అటు. పాత కట్టడము ఉంచి పైకప్పు బాగుచేయుటకు, వెనుక స్థలములో ఒక గది, వంటపాక కట్టుటకు తీర్మానించిరి. అటు ఓటు వేసిన నలుగురిలో ఇద్దరు మరుసటి ఆదివారము ఇసుక తోలించిరి. పై దేశపు కుటుంబమువారికి ఉత్తరము వ్రాసినాము. కొత్త చర్చి అయితేనే ఇచ్చెదమని వారి జవాబు. వారికొరకు ప్రార్థించుచున్నాము, వారితో మాటలు మానలేదు. లారీ ఆయన పెంకులు ఇచ్చెదనన్నాడు. దూలముల సొమ్ము ఇంకను మూడవ వంతు కావలసియున్నది.

బడి ఏప్రిల్ 23న మూయుదురు. మరునాడే పెంకులు దించే పని మొదలు. ఆ వేసవి ఆదివారములు ఆరాధన వేపచెట్టు క్రింద, ఉదయము ఆరున్నరకే. చాపలు ఎవరివి వారు తెచ్చుకొనవలెను. బోర్డు గోడకే ఉన్నది గనుక కీర్తనల సంఖ్యలు పలకమీద వ్రాసి చెట్టుకు కట్టెదమని మూడవ తరగతి పిల్లలు ఇప్పుడే ఒప్పుకొన్నారు.